వేలంపాటలో పురాతన శిల్పం: చందవరం ఫలకం నేర్పిన లెక్క

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ 2005లో ఒక సున్నపురాతి శిల్పఫలకాన్ని 5,95,000 అమెరికన్ డాలర్లకు కొనుగోలు చేసింది. క్రీస్తుశకం 3వ శతాబ్దానికి చెందిన ఆ ఫలకాన్ని ‘బుద్ధుని ఆరాధకులు’ అనే పేరుతో ప్రదర్శనకు ఉంచింది. అమ్మినవారు న్యూయార్క్‌లో ఆసియా కళావస్తువుల వర్తకంలో పేరుపొందిన నాన్సీ వీనర్. పదకొండేళ్ల తరువాత, 2016 సెప్టెంబరులో, అదే ఫలకాన్ని ఆస్ట్రేలియా ప్రభుత్వం భారత ప్రభుత్వానికి అప్పగించవలసి వచ్చింది. ఆ రాయి ప్రకాశం జిల్లా దొనకొండ మండలం చందవరంలోని బౌద్ధ స్తూపానిది. 2000–2001 ప్రాంతంలో అది అక్కడినుంచి దొంగతనానికి గురైంది.

ఈ ఉదంతం పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి, ముఖ్యంగా నిమ్‌పురా వంటి పేటలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు రెండు విధాల సంబంధించినది. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలంలో కర్మాగారంలోనూ యార్డులోనూ పనికి వచ్చి స్థిరపడిన ఈ కుటుంబాల సొంత ఊళ్లు ఎక్కువగా ఆంధ్ర తీరప్రాంతంలో ఉన్నాయి. వాటి చుట్టూ బౌద్ధ స్తూపాల, పాత ఆలయాల శిథిలాలు విస్తారం. ఇప్పుడు వారు నివసిస్తున్న మేదినీపుర్ ప్రాంతం కూడా తక్కువది కాదు. తామ్రలిప్తి రేవు, మొగల్‌మారి విహారం రెండూ ఖరగ్‌పూర్‌కు దగ్గరలోనివే. ఈ రెండు నేలల నుంచీ వెలువడిన శిల్పాలు ప్రపంచ విపణిలో వేలంపాటలకు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. ఇంట్లో కూర్చొని చరవాణిలో లండన్ వేలానికి పాట పాడే వీలు ఏర్పడిన ఈ రోజుల్లో, అటువంటి వస్తువు కొనడమంటే ఏమిటో, ఎక్కడ చట్టం అడ్డుపడుతుందో తెలిసి ఉండటం అవసరం.

రైలుమార్గమూ, విగ్రహమూ

రైల్వే పట్టణవాసులు ముందుగా తెలుసుకోదగిన కథ సుల్తాన్‌గంజ్ బుద్ధునిది. బీహార్‌లోని భాగల్‌పూర్ సమీపాన సుల్తాన్‌గంజ్ వద్ద ఈస్టిండియన్ రైల్వే పనుల కోసం 1861లో నేల తవ్వుతుండగా రెండు మీటర్లకు పైగా ఎత్తూ, 500 కిలోలకు పైగా బరువూ ఉన్న రాగి బుద్ధవిగ్రహం బయటపడింది. ఆ పని చూస్తున్న ఇంజనీరు ఇ.బి. హ్యారిస్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన లోహవస్తువుల వ్యాపారి శామ్యూల్ థార్న్‌టన్ 200 పౌండ్లు చెల్లించి దానిని తమ నగరానికి రప్పించుకున్నాడు. 1864లో ఆ నగరం పెట్టబోయే మ్యూజియానికి బహూకరించాడు. నేటికీ అది అక్కడే ఉంది. ఆనాడు దీనిని నేరమని ఎవరూ అనుకోలేదు. నేలలో దొరికిన నిధికి సంబంధించిన భారత చట్టం 1878లో గాని రాలేదు. అంతకు కొద్ది సంవత్సరాల ముందు లాహోర్–ముల్తాన్ మార్గంలో హరప్పా ఇటుకలను రైలుకట్ట కింద కంకరగా పరిచినవారితో పోల్చితే, హ్యారిస్ విగ్రహాన్ని భద్రపరిచినవాడే అనవలసి వస్తుంది.

తెలుగునాట అమరావతి కథ ఇంకా పొడవైనది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చిన రోజులలో, కట్టడాలకు రాయి కావలసి స్తూపపు దిబ్బను తవ్వించగా చెక్కడపు ఫలకాలు వెలుగు చూశాయి. సున్నం కోసం వాటిని కాల్చినవారూ లేకపోలేదు. 1797లో కాలిన్ మెకంజీ ఆ చోటును చూశాడు. 1816లో మళ్లీ వచ్చి చిత్రకారుల చేత ఆ ఫలకాల బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరి, సంవత్సరాల తరబడి ఎండకూ వానకూ నాని, 1859లో ఓడలో లండన్ వెళ్లాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చెందాయి. కొన్ని ఫలకాలు కలకత్తా ఇండియన్ మ్యూజియానికి వచ్చాయి. ఖరగ్‌పూర్ నుంచి ఉదయం లోకల్ బండి ఎక్కి హౌరాలో దిగినవారు మధ్యాహ్నానికల్లా వాటిని చూసి రావచ్చు. గుంటూరు ప్రాంతపు రాయిని చూడటానికి కొందరు తెలుగువారికి లండన్ ఎంత దూరమో, నిమ్‌పురావారికి చౌరంగీ అంత దగ్గర.

సుల్తాన్‌గంజ్‌కూ, అమరావతికీ, చందవరానికీ మధ్య తేడా కాలానిది. మొదటి రెండూ చట్టం లేని రోజుల్లో, అధికారుల చేతుల మీదుగా వెళ్లినవి. మూడవది చట్టాలన్నీ ఉన్న రోజుల్లో, రాత్రిపూట వెళ్లినది. వేలం విపణి మొత్తం ఈ తేడా మీదనే నడుస్తోంది.

పాట ఎలా సాగుతుంది

తెలుగు ఊళ్లలో వేలంపాట కొత్త కాదు. చెరువు చేపలకూ, చింతచెట్ల కాపుకూ, దేవుడి మాన్యాలకూ, వినాయక నిమజ్జనం నాటి లడ్డూకూ వేలం వేస్తారు. ఒకటోసారి, రెండోసారి అని మూడోసారి కొట్టేస్తారు. న్యూయార్క్, లండన్, హాంకాంగ్, పారిస్ నగరాల్లోని క్రిస్టీస్, సోథెబీస్, బాన్‌హామ్స్ వంటి సంస్థలు చేసేదీ మౌలికంగా అదే. కాని పాటకు ముందు నెలల తరబడి జరిగే పనిలోనే అసలు వ్యవహారమంతా ఉంటుంది.

అమ్మదలచినవారు వస్తువును సంస్థకు అప్పగిస్తారు. సంస్థ నిపుణులు కాలాన్నీ, ప్రాంతాన్నీ నిర్ణయించి, ఎంత ధర పలకవచ్చునో కింది అంచనా, పై అంచనా వేస్తారు. అంతకు తగ్గితే అమ్మబోమని యజమానితో రహస్యంగా ఒక కనీస ధర కుదుర్చుకుంటారు. తరువాత సూచీ పుస్తకం అచ్చవుతుంది. అందులో ప్రతి వస్తువుకూ సంఖ్య, ఛాయాచిత్రం, కొలతలు ఉంటాయి. చివరన చిన్న అక్షరాలలో నాలుగైదు వరుసలు కనిపిస్తాయి. ఇంతకుముందు అది ఎవరి వద్ద ఉండేది, ఎప్పుడు ఎవరు కొన్నారు, ఎక్కడ ప్రచురితమైంది అన్న వివరాలవి. దీనినే పూర్వ యాజమాన్య చరిత్ర అంటారు. అనుభవజ్ఞులు బొమ్మ కన్న ముందు ఈ వరుసలు చదువుతారు. సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారు సంస్థకు మరొక రుసుము చెల్లించాలి. పెద్ద సంస్థలలో చాలా వస్తువులకు అది పాతిక శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఆపైన రవాణా, బీమా, దిగుమతి సుంకం. కొత్తగా పాట పాడేవారు మరచిపోయేది ఈ చివరి లెక్కనే.

ధరల విషయానికి వస్తే, 2017 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 12వ శతాబ్దపు పాల యుగానికి చెందిన నల్లరాతి లోకనాథ అవలోకితేశ్వర విగ్రహం రెండు కోట్ల నలభై లక్షల డాలర్లకు మించి పలికింది. అది బీహార్ ప్రాంతపు శిల్పం. భారతీయ శిల్పానికి వేలంలో అంత ధర అంతకు ముందు ఎన్నడూ రాలేదు. సంస్థ వేసిన అంచనా అందులో పదో వంతు కూడా కాదు. ఇటువంటి వార్తలు చదివి, నిన్న మొన్నటి దాకా పట్టించుకోని ఊరిబయటి విరిగిన విగ్రహం వైపు చూపు మళ్లేవారు ఉంటారు. తూర్పు భారతంలో నల్లరాతి విగ్రహాల దొంగతనాలకూ ఈ ధరలకూ సంబంధం లేదని ఎవరైనా అంటే నమ్మడం కష్టం.

కాగితం పుట్టించే విద్య

చందవరం ఫలకం వేలంలో అమ్ముడైనది కాదు, వర్తకురాలి నుంచి నేరుగా కొన్నది. అయితే దొంగసొత్తు గౌరవప్రదమైన వస్తువుగా మారే దారిలో వేలం సంస్థ పాత్ర ఏమిటో ఆ వర్తకురాలి మీద నడిచిన కేసులోనే బయటపడింది. 2016 డిసెంబరులో న్యూయార్క్ మన్‌హటన్ ప్రాసిక్యూటర్లు నాన్సీ వీనర్ మీద అభియోగాలు మోపారు. అక్రమ తవ్వకంలో ఏర్పడిన గాట్లను మరమ్మతుతో కప్పిపుచ్చడం, బినామీ చేత వేలంలో పాట పాడించి కొత్త యాజమాన్య చరిత్ర పుట్టించడం, పాత యజమానుల పేర్లు కల్పించడం అందులో ముఖ్యమైనవి. 2021లో ఆమె నేరాన్ని అంగీకరించింది. పూర్వచరిత్ర అస్పష్టంగా ఉన్న, అసలే లేని వస్తువులను కొనడం, అమ్మడం దశాబ్దాలపాటు ఆ విపణిలో మామూలు సంగతేనని ఆమె న్యాయస్థానంలో చెప్పిన మాట ఒక వ్యక్తి నేరాన్ని మించినది.

బినామీ పాట ఎలా పనిచేస్తుందో వివరించుకోవడం మంచిది. తవ్వి తెచ్చిన విగ్రహానికి చరిత్ర లేదు. దానిని యజమాని వేలానికి పెట్టి, తన మనిషి చేతనే కొనిపిస్తాడు. డబ్బు ఒక జేబులోంచి మరొక జేబులోకి పోతుంది, సంస్థకు రుసుము మాత్రం దక్కుతుంది. కాని ఆనాటి నుంచి ఆ విగ్రహానికి ఫలానా సంస్థ, ఫలానా తేదీ, ఫలానా సంఖ్య అన్న ఒక నిజమైన కాగితం పుడుతుంది. తరువాతి కొనుగోలుదారు ఆ కాగితాన్ని చూసి తృప్తిపడతాడు. అంతకు ముందు అది ఎక్కడుందని అడిగేవాడు అరుదు.

అందుచేతనే విపణిలో 1970 అన్న సంవత్సరానికి అంత విలువ వచ్చింది. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను నిరోధించే యునెస్కో ఒడంబడిక ఆ సంవత్సరపుది. భారతదేశం 1977లో అందులో చేరింది. 1970కి ముందే స్వదేశం దాటి వచ్చిందని రుజువున్న విగ్రహం ఒక ధర, రుజువు లేనిది మరొక ధర పలుకుతాయి. రెండూ ఒకే శిల్పి చేతివే కావచ్చు. అయితే భారతీయ వస్తువుల విషయంలో 1970 అన్నది మ్యూజియంలు పెట్టుకున్న గీత మాత్రమే. పురావస్తువుల ఎగుమతిని నియంత్రించే భారత చట్టం 1947లోనే వచ్చింది. దొంగ నుంచి కొన్నవాడికి ఎంత డబ్బిచ్చినా యాజమాన్యం సంక్రమించదన్నది న్యూయార్క్ న్యాయస్థానాలు పాటించే సూత్రం.

2016 మార్చిలో న్యూయార్క్‌లో ఏటా జరిగే ఆసియా కళావారానికి ముందు క్రిస్టీస్ సూచీలోకి ఎక్కిన రెండు భారతీయ శిల్పాలను అమెరికా అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఒకటి జైన తీర్థంకరుడు ఋషభనాథునిది, రెండవది రేవంతునిది. పాట మొదలు కావడానికి రోజుల ముందు వేలం శాలలోంచే వాటిని తీసుకుపోయారు. సూచీ పుస్తకం అమ్మకానికి ఎంత ఉపయోగపడుతుందో దర్యాప్తుకూ అంతే ఉపయోగపడుతుందని దీంతో తేలింది. ప్రపంచం నలుమూలల ఉన్న పరిశోధకులు, ఔత్సాహికులు ప్రతి సూచీనీ పాత ఛాయాచిత్రాలతో పోల్చి చూస్తున్నారు.

ఒక ఛాయాచిత్రం విలువ

చందవరం గుండ్లకమ్మ నదీతీరాన ఉంది. అక్కడి స్తూపాన్ని 1964లో పురావస్తు శాస్త్రవేత్త వి.వి. కృష్ణశాస్త్రి గుర్తించారు. 1970వ దశకంలో తవ్వకాలు సాగాయి. అమరావతి శైలికి దగ్గరి చెక్కడంతో సున్నపురాతి ఫలకాలు బయటపడ్డాయి. తవ్వకాల తరువాత శిల్పాలలో కొన్నిటిని అక్కడే ఉంచారు. ఊరికి ఎడంగా, కొండ మీద ఉన్న చోటు కావడం దొంగలకు కలిసివచ్చింది.

ఫలకం తిరిగి వచ్చిందంటే అందుకు ప్రధాన కారణం, అది చందవరంలో ఉన్నప్పుడు ఎవరో ఛాయాచిత్రం తీసి ఉంచడమే. కాన్‌బెర్రా గ్యాలరీ తన ఆసియా సేకరణను తిరిగి పరిశీలిస్తున్న సమయంలో ఆ ఆధారం ముందుకు రావడంతో వాదనకు తావు లేకపోయింది. తమిళనాడు ఆలయ విగ్రహాల విషయంలోనూ ఇదే జరిగింది. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ సంస్థ 1950ల నుంచి ఆలయాలు తిరిగి తీయించిన ఛాయాచిత్రాలు, సుభాష్ కపూర్ అనే వర్తకుడు ప్రపంచ మ్యూజియంలకు అమ్మిన విగ్రహాలను గుర్తుపట్టడానికి ఆధారమయ్యాయి. కాన్‌బెర్రా గ్యాలరీ అతని వద్ద కొన్న శ్రీపురందాన్ నటరాజ విగ్రహం 2014లో స్వదేశం చేరింది. కపూర్‌కు 2022లో కుంభకోణం న్యాయస్థానం పదేళ్ల శిక్ష విధించింది.

ఛాయాచిత్రం లేని వస్తువుకు ఈ దారి లేదు. అక్రమంగా తవ్వి తీసిన విగ్రహాన్ని దొంగ తప్ప ఎవరూ చూసి ఉండరు. అది పోయిందని ఫిర్యాదు చేయడానికి కూడా దానిని ఎరిగినవారు ఉండరు. దేశంలోని పురావస్తువులకు సమగ్రమైన జాబితా లేదన్న లోపాన్ని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2013 నాటి నివేదికలో గట్టిగానే ఎత్తిచూపారు. 2007లో మొదలైన జాతీయ స్మారక, పురావస్తు మిషన్ జాబితా పనిని చేపట్టినా, పల్లెల్లో చెట్టు కింద, చెరువుగట్టు మీద ఉన్న విగ్రహాలు లెక్కకు అందనంత. సొంత ఊరికి సంక్రాంతికి వెళ్లినవారు చరవాణితో తీసే ఒక్క బొమ్మ, దాని మీది తేదీ, ఇరవై ఏళ్ల తరువాత ఏ న్యాయస్థానంలోనైనా సాక్ష్యం కావచ్చు.

ఆలయమే వాది కాగలదని నిరూపించిన కేసు కూడా ఒకటుంది. తమిళనాడులోని పత్తూరులో 1976లో ఒక కూలీకి దొరికిన నటరాజ విగ్రహం చేతులు మారి, 1982లో కెనడాకు చెందిన బంపర్ డెవలప్‌మెంట్ అనే సంస్థ చేతికి చేరింది. లండన్ పోలీసులు దానిని స్వాధీనం చేసుకున్నారు. శిథిలమైన ఆ ఆలయపు హక్కును ఇంగ్లండ్ న్యాయస్థానాలు అంగీకరించడంతో 1991లో విగ్రహం భారతదేశానికి వచ్చింది. పూజ ఆగిపోయిన గుడికి కూడా తన దేవుణ్ణి అడిగే హక్కు మిగిలి ఉంటుందన్న మాట.

తామ్రలిప్తి, మొగల్‌మారి, చంద్రకేతుగఢ్

ఇక ఖరగ్‌పూర్ పరిసరాలు. రూప్‌నారాయణ్ నది ఒడ్డున ఉన్న తమ్లుక్ ప్రాచీన కాలపు తామ్రలిప్తి. సింహళానికీ ఆగ్నేయాసియాకూ ఓడలు బయలుదేరిన రేవు. 1883లో అక్కడ దొరికిన ఒక కాల్చిన మట్టిఫలకం ఇప్పుడు ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. దాదాపు 21 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న ఆ స్త్రీమూర్తి ఒంటినిండా నగలూ, తలనిండా అలంకారమూ చెక్కిన తీరు చూస్తే రెండు వేల ఏళ్ల నాటి బెంగాల్ కుమ్మరి చేతి నైపుణ్యం అర్థమవుతుంది. తూర్పు భారత టెర్రకోటను గురించి రాసినవారెవరూ దానిని ప్రస్తావించకుండా ఉండరు.

అదే తరహా ఫలకాలు ఉత్తర 24 పరగణాలలోని చంద్రకేతుగఢ్‌లో విస్తారంగా దొరికాయి. వాటిలో అధికభాగం శాస్త్రీయ తవ్వకాలలో దొరికినవి కావు. వాన వెలిసిన తరువాత పొలాల్లో, చెరువులు తవ్వినప్పుడు దొరికి దళారుల చేతుల్లో పడి విదేశాల మ్యూజియంలకూ, సొంత సేకరణలకూ చేరినవి. ఏ పొరలో, ఏ వస్తువు పక్కన దొరికిందో తెలియకపోతే ఆ ఫలకంలో ఉన్నది దేవతో, నర్తకో, ఇంటి అలంకారమో చెప్పడం కష్టం. ఆ నష్టాన్ని పూడ్చే మార్గం లేదు. వస్తువు తిరిగి వచ్చినా అది పడి ఉన్న నేల తిరిగి రాదు.

గిరాకీ ఉన్నచోట నకిలీలు పుడతాయి. చంద్రకేతుగఢ్ ఫలకాలకు పాత అచ్చుల నుంచి తీసిన కొత్త ప్రతులు విపణిలో అనేకం. మట్టిని చివరిసారి ఎప్పుడు కాల్చారో అంచనా వేసే థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష కొంత ఉపకరిస్తుంది. కాని పాత ముక్కల చుట్టూ కొత్త మట్టి అతికి పూర్తి చేసిన ఫలకంలో, పరీక్షకు తీసిన పొడి ఏ చోటిదన్న దాని మీద ఫలితం ఆధారపడుతుంది. రాతికి ఈ పరీక్ష వర్తించదు. పల్నాటి సున్నపురాయి ఇప్పటికీ దొరుకుతున్నదే కనుక, నిన్న చెక్కి మట్టిలో పాతిపెట్టిన బుద్ధుణ్ణి గుర్తించడానికి ఉలి గాటు తీరునూ, రాతి మీది పొరనూ చూడగలిగిన కన్ను కావాలి.

దంతన్ సమీపంలోని మొగల్‌మారి దీనికి భిన్నమైన కథ. ఖరగ్‌పూర్ నుంచి బాలాసోర్ దారిలో ఉన్న ఈ గ్రామపు దిబ్బను కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య అశోక్ దత్తా 2003–04 నుంచి తవ్వించారు. గచ్చు బొమ్మలతో అలంకరించిన గోడలు, ముద్రలు, విశాలమైన బౌద్ధ విహారం బయటపడ్డాయి. ఆయన మరణానంతరం రాష్ట్ర పురావస్తు శాఖ పని కొనసాగించింది. 2016 జనవరిలో ఒకేచోట తొంభైకి పైగా చిన్న లోహవిగ్రహాలు దొరికాయి. అవి ఏ గదిలో, ఎంత లోతున, ఏ వరుసలో ఉన్నాయో నమోదైంది. అవే విగ్రహాలు ఒక రాత్రి దళారి సంచిలోకి వెళ్లి ఉంటే, పది దేశాల సూచీ పుస్తకాల్లో తూర్పు భారతం అన్న ఒక్క ముక్కతో విడివిడిగా అచ్చయ్యేవి.

కొనవచ్చునా, ఉంచుకోవచ్చునా

భారతదేశంలో పురావస్తువును కొనడం, ఉంచుకోవడం నేరం కాదు. ఈ విషయంలో అపోహ ఎక్కువ. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వందేళ్లు, అంతకు మించి వయసున్న శిల్పం, చిత్రం, నాణెం, చెక్కడం వంటివి పురావస్తువులు. రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. రాయి, లోహం, కాల్చిన మట్టి, దంతం వంటి వాటితో చేసిన శిల్పాలు ఎవరి వద్ద ఉన్నా నమోదు అధికారి వద్ద ఛాయాచిత్రాలతో నమోదు చేయించి ధ్రువపత్రం పొందాలి. వస్తువు చేతులు మారితే ఆ సంగతిని తెలియజేయాలి. పురావస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. దేశం లోపల ముంబయి, ఢిల్లీ నగరాల వేలం సంస్థలు నమోదైన విగ్రహాలను బహిరంగంగానే వేలం వేస్తున్నాయి. సూచీలో వాటి పక్కన దేశం దాటించరాదని స్పష్టంగా రాసి ఉంటుంది.

దాటించడమే నేరం. కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప మరెవరూ పురావస్తువును ఎగుమతి చేయరాదు. ఉల్లంఘిస్తే కనిష్ఠంగా ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా. ఈ నిబంధన దొంగలకే పరిమితం కాదు. తాతల నాటి ఇత్తడి వేణుగోపాలుణ్ణి అమెరికాలోని కొడుకు ఇంటికి పెట్టెలో పెట్టుకొని బయలుదేరిన తల్లికీ ఇదే వర్తిస్తుంది. వయసు వందేళ్లు దాటితే ఆ విగ్రహం వెళ్లరాదు. దాటకపోతే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకొని వెంట ఉంచుకోవడం మేలు. విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి ఇంటి కథ చెప్పి ఒప్పించడం సాధ్యమయ్యే పని కాదు.

నేల తవ్వుతుంటే దొరికిన వస్తువుకు 1878 నాటి చట్టమే ఇప్పటికీ ఆధారం. పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయలన్న అంకె నేటికీ మారకపోవడం విచిత్రమే గాని, ఆచరణలో దాని అర్థం ఏది దొరికినా తెలపాలనే. చెప్పినవారికి చట్టంలో వాటా ఉంది. యజమాని తేలనప్పుడు దొరికించుకున్నవారికి మూడు వంతులు, నేల సొంతదారుకు ఒక వంతు. వస్తువును ప్రభుత్వం తీసుకోదలిస్తే దానిలోని పదార్థపు విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. రెండు వేల ఏళ్ల విగ్రహానికి ఇత్తడి ధర కట్టి ఐదో వంతు కలిపితే వచ్చేదెంతో, దళారి చూపే నోట్ల కట్ట ఎంతో పోల్చి చూసినవారికి చట్టంలోని బలహీనత తెలిసిపోతుంది. ఈ లెక్క మారనిదే పొలంలో దొరికిన విగ్రహం కలెక్టరు కార్యాలయానికి వస్తుందని ఆశించడం కష్టం.

వారసత్వంగా వచ్చినదైతే

దొంగతనం జరగకపోయినా వేలం తగని సందర్భాలు ఉంటాయి. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వాలో 1898లో బ్రిటిష్ జమీందారు విలియం క్లాక్స్‌టన్ పెప్పే తన ఎస్టేటులోని స్తూపాన్ని తవ్వించినప్పుడు బుద్ధుని అస్థికలు, వాటితో పాటు వందలాది రత్నాలు, బంగారు పువ్వులు దొరికాయి. అస్థికలు సయాం రాజుకు చేరాయి. రత్నాలలో పెద్ద భాగం కలకత్తా ఇండియన్ మ్యూజియానికి వచ్చింది. ఒక చిన్న భాగాన్ని ప్రభుత్వమే పెప్పేకు విడిచిపెట్టింది. నూటపాతికేళ్ల తరువాత ఆయన వారసులు ఆ భాగాన్ని అమ్మకానికి పెట్టగా, 2025 మే 7న హాంకాంగ్‌లో సోథెబీస్ వేలం నిర్ణయమైంది.

కాగితాల ప్రకారం చూస్తే ఇంత స్పష్టమైన పూర్వచరిత్ర గల వస్తువులు అరుదు. అయినా భారత సాంస్కృతిక మంత్రిత్వ శాఖ చట్టపరమైన నోటీసు పంపింది. అస్థికలతో పాటు నిక్షిప్తం చేసిన రత్నాలు కూడా పవిత్రమైనవేనని, వాటిని వేరుచేసి అమ్మరాదని బౌద్ధులు వాదించారు. వేలం వాయిదా పడింది. జూలై నెలాఖరులో ఆ రత్నాలు ఢిల్లీకి చేరాయి. ప్రభుత్వంతో కలిసి పనిచేసి వాటిని సంపాదించినది గోద్రెజ్ పారిశ్రామిక కుటుంబం. దేశపు సొత్తును దేశంలోని ధనవంతుడు డబ్బు చెల్లించి తెచ్చుకోవలసి రావడం సరైనదేనా అన్న ప్రశ్న మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. సరైనది కాదనేవారి వాదనలో బలముంది. కాని రత్నాలు విడిపోయి పదిమంది పెట్టెల్లోకి పోవడం కన్న అది నయమని ఎక్కువమంది భావించారు.

దేశాల మధ్య ఒప్పందాలు కూడా దారి మారుస్తున్నాయి. 2024 జూలై 26న భారతదేశమూ, అమెరికా సంయుక్త రాష్ట్రాలూ ఢిల్లీలో సాంస్కృతిక సంపద ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ సెప్టెంబరులో అమెరికా 297 పురావస్తువులను అప్పగించింది. వాటిలో తూర్పు భారతానికి చెందిన టెర్రకోట పాత్ర కూడా ఉంది. శిల్పాలు సక్రమంగా సముద్రం దాటే మార్గమూ లేకపోలేదు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలి బౌద్ధ కళ మీద ఏర్పాటు చేసిన ప్రదర్శనకు తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు ఎరువుగా వెళ్లాయి. సంఖ్యతో, బీమాతో, తిరుగు ప్రయాణపు తేదీతో వెళ్లాయి. వీనర్ అంగడి ఉండేదీ ఆ నగరంలోనే.

శిల్పం మీది ఇష్టంతో కొనాలనుకునే సామాన్య కుటుంబానికి చట్టం ఏ అడ్డూ చెప్పని దారి మరొకటి ఉంది. పల్నాడులోని దుర్గి గ్రామ శిల్పులు అమరావతి, నాగార్జునకొండ ఫలకాల తీరులో కొత్త శిల్పాలు చెక్కుతారు. 2017లో ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ రాయికి ధ్రువపత్రం తీసుకొని ఖరగ్‌పూర్‌కైనా, కాలిఫోర్నియాకైనా తీసుకువెళ్లవచ్చు.